ఏట్లో ఈత పోటీకి వెళ్తానంటే ఇంట్లో వద్దంటున్నారు

ప్రశ్న: మాది నరసన్నపేట, నాకు 36 ఏళ్లు. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్లో వంశధారలోనే ఈత నేర్చుకున్నాను. ఇప్పుడు పూల్‌లో కిలోమీటరు అరగంటలో ఈదుతున్నాను. నదిలో జరిగే 3 కిలోమీటర్ల ఈత పోటీకి పేరు ఇద్దామనుకుంటున్నా. ప్రాక్టీసుకి తెల్లవారుజామున వంశధార కాలువలో ఒక్కడినే దిగుదామని ఆలోచన. మా ఆవిడ అస్సలు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: పోటీకి వెళ్లండి. కాలువలో ఒంటరిగా మాత్రం దిగకండి, ఆ విషయంలో మీ ఆవిడ మాటే కరెక్టు.

కాలువ చూడ్డానికి పెద్ద పూల్‌లా ఉంటుంది గానీ, పూల్‌కి పట్టుకోవడానికి అంచు ఉంటుంది, సిమెంటు వేసిన కాలువకి ఉండదు. నేను ఇరవై ఏళ్ల వయసులో ఇలాగే ఓ కాలువలో దిగి, అలసిపోయి గట్టు పట్టుకోబోయాను. వాలుగా ఉన్న సిమెంటు మీద పాచి. నా వేళ్లు ఆ పాచిలో గీతలు గీసుకుంటూ జారిపోయాయి, మళ్లీ పట్టుకున్నా మళ్లీ జారాయి, ఈలోగా నీరు నన్ను ఇంకో పది బారలు కిందికి లాక్కుపోయింది. రేవు మెట్ల మీద బట్టలు ఉతుకుతున్న ఒకావిడ తడి చీర విసిరితే దాన్ని పట్టుకుని పైకొచ్చాను. ఆ వేళ ఆవిడ అక్కడ లేకపోతే ఈ జవాబు రాసేవాణ్ణి కాదు. పైగా షట్టర్ల దగ్గర, కాలువ గెడ్డ (వాగు) కింద నుంచి దూరి వెళ్లే చోట, పైన నీరు నిలకడగానే కనిపిస్తుంది, అడుగున గట్టిగా లాగేస్తుంది. అక్కడ ఎంత గజ ఈతగాడైనా ఒకటే.

ఇక నది. మీరు చిన్నప్పుడు ఈదిన వంశధార ఇప్పుడు లేదండి. ఇసుక తవ్విన చోట మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగుకే నిలువు లోతులో పడతారు. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవే కాబట్టి ఇక్కడ ఎండ కాస్తున్నా, నిన్న పైన పడ్డ వాన ఇవాళ మన రేవుకి రావచ్చు. అందుకే పేరు ఇచ్చే ముందు నిర్వాహకులకు ఫోన్ చేసి నిలదీసి అడగండి: ఎంతమందికి ఎన్ని పడవలు? దిగిన వాళ్లని, ఎక్కిన వాళ్లని పేరుపేరునా లెక్కపెట్టేది ఎవరు? గొట్టా బ్యారేజీ లాంటి చోట నీళ్లు వదిలితే మీకు ముందే కబురు వస్తుందా? ముందురోజు ఆ దారంతా పడవలో తిరిగి చూస్తారా? "ఏం కాదు సార్, మేం చూసుకుంటాం" అనేది జవాబు కాదు. అలా అంటే ఫీజు కట్టకండి.

ప్రాక్టీసు సంగతి. మీ వేగం గంటకు 2 కిలోమీటర్లు. ఏరు గంటకు 3 కిలోమీటర్లు పారుతుంటే, మీరు ప్రాణం పెట్టి ఎదురీదినా గంటకు కిలోమీటరు వెనక్కే పోతారు. కాబట్టి కొట్టుకుపోతున్నప్పుడు ఎదురీదకండి, వాటంతో పోతూ ఏటవాలుగా ఒడ్డుకి చేరండి. పూల్‌లో ఉన్నప్పుడే ఎనిమిది బారలకోసారి కళ్లు మాత్రం నీటిపైకి తెచ్చి ఎదుటి గోడ చూడ్డం అలవాటు చేసుకోండి. నదిలో గీతలుండవు, తల ఎత్తి చూడకపోతే వంకరగా పోయి 3 కిలోమీటర్లకి నాలుగు ఈదుతారు. నదిలో ప్రాక్టీసు చేసే రోజు పక్కన పడవ, నడుముకి తాడుతో కట్టిన, నీటిపై తేలుతూ మీరెక్కడున్నారో చూపించే నారింజ రంగు గాలి బుడగ ఉండాలి. మీ ఆవిణ్ణి ఒడ్డుకి తీసుకెళ్లి చూపించండి, సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు, పూల్ పోటీల్లో మెడల్స్ తెచ్చింది. మొన్న నదిలో దింపితే రెండు నిమిషాల్లో ఊపిరి ఆడడం లేదని ఏడుస్తూ బయటికొచ్చేసింది. మానిపించేయమంటారా? – ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: మానిపించొద్దమ్మా. అది పిరికితనం కాదు. పూల్‌లో అడుగున నల్ల గీత కనిపిస్తుంది, ఏట్లో బురద నీటికి తన చేయి మోచేతి దాకా కూడా తనకే కనిపించదు. ముందు నడుము లోతులో నిలబడి, ముఖం ముంచి నీళ్లలోకి ఊపిరి వదలమనండి, పది నిమిషాలు అదే పని. కంగారు పుట్టగానే వెల్లకిలా తిరిగి తేలడం నేర్పించండి. పూల్‌లో కళ్లు మూసుకుని ఆరు బారలు వేయిస్తే నెల రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది.

మన దేశపు ఈతగత్తె ఆరతీ సాహా సంగతి తనకి చెప్పండి. 1959 ఆగస్టులో ఇంగ్లిష్ ఛానెల్ ఈదుతూ, ఇంగ్లండ్ తీరం ఇంకాస్త దూరం ఉందనగా ప్రవాహం ఎదురు తిరగడంతో ఆగిపోయింది. సెప్టెంబరు 29న మళ్లీ దిగి దాటేసింది. ఆసియా నుంచి అలా దాటిన మొదటి మహిళ ఆమే.

ప్రశ్న: మా వైపు మే నెలలో, సెలవుల్లో ఈత పోటీ పెడదామంటున్నారు. పర్వాలేదా? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: వద్దు. నీళ్లు చల్లగానే ఉంటాయిలే అనుకుంటాం గానీ, వేసవిలో పలచబడ్డ ఏరు మధ్యాహ్నానికి కాగిపోతుంది. చుట్టూ వేడి నీళ్లే ఉంటే ఒంటి వేడి బయటికి పోయే దారి ఉండదు, చెమట పట్టినా లాభం లేదు. 2010లో యూఏఈలోని ఫుజైరాలో 10 కిలోమీటర్ల పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ చనిపోయాడు. ఆ రోజు నీళ్లు బాగా వేడిగా ఉన్నాయి. అతను గట్టుకి రాలేదని తోటి ఈతగాళ్లు గమనించేదాకా ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు అంతర్జాతీయ నిబంధనల ప్రకారం నీళ్లు 31 డిగ్రీలు దాటితే పోటీ జరపకూడదు. థర్మామీటరు కొని, మీరు అనుకుంటున్న రేవులో, అనుకుంటున్న టైముకే ముంచి చూడండి. వర్షాలు తగ్గి, ఏరు తేటపడ్డాక, తెల్లవారే వేళకి పెట్టుకోండి. వరద తగ్గిన వెంటనే మాత్రం దిగకండి, ఆ నీళ్లలో ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పిరోసిస్ ఉండొచ్చు. ఈదిన రెండు మూడు వారాల్లో ఎవరికైనా జ్వరం, పిక్కల నొప్పులు వస్తే, ఏట్లో దిగామని డాక్టరుకి వాళ్లే ముందు చెప్పాలి.