రూల్‌బుక్ అచ్చులో కొనాలా, డిజిటల్‌గా తీసుకోవాలా: మేనల్లుడికి ఒక లేఖ

జయనగర్, బెంగళూరు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మారతహళ్ళిలో నీతో పాటు ఉంటున్న తెలుగు మిత్రులను కూర్చోబెట్టి, తలా ఒక పాత్ర తీసుకుని కథలా ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఆడించాలనుకుంటున్నావనీ, కథ నడిపించి నియమాలు చూసుకునే డంజియన్ మాస్టర్ బాధ్యత నువ్వే తీసుకుంటున్నావనీ తెలిసి ఎంతో సంతోషించాను. ఆ ఆట నియమాల మూడు మూల గ్రంథాలనూ అచ్చు పుస్తకాలుగా కొనాలా, లేక దాని అధికారిక వెబ్‌సైట్ అయిన డీ అండ్ డీ బియాండ్‌లో డిజిటల్ ప్రతులుగా తీసుకోవాలా అని అడిగావు. నా అభిప్రాయం ముందే చెప్పి, కారణాలు ఆ తరువాత వివరిస్తాను. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఒక్కటి అచ్చు ప్రతి కొనుక్కో. డంజియన్ మాస్టర్స్ గైడ్, మాన్‌స్టర్ మాన్యువల్ ఇప్పట్లో కొనవద్దు. ఆట మధ్యలో వెతుక్కోవడానికి, ప్రచురణకర్తలే ఉచితంగా ఇచ్చే సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ అనే పీడీఎఫ్‌ను నీ ట్యాబ్లెట్‌లోకి దించుకో. అందులో మూల నియమాలూ, స్పెల్స్ (మంత్రాల) వివరాలూ, 300కు పైగా మాన్‌స్టర్లూ ఉన్నాయి కనుక మొదటి కొన్ని నెలల ఆటకు అది ధారాళంగా సరిపోతుంది. అయితే అందులో ఒక్కొక్క క్లాసుకు (విజర్డ్, అంటే మాంత్రికుడు, వంటి పాత్ర రకానికి) ఒక్కొక్క సబ్‌క్లాస్ (అందులోని ఉపరకం) మాత్రమే ఇచ్చారు. ఆటగాళ్ళకు ఎంపిక విస్తృతంగా ఉండాలంటే హ్యాండ్‌బుక్ తప్పదు.

రూల్‌బుక్ చేయవలసిన పనులు రెండు. తీరికగా చదివేవారికి ఆట నేర్పడం ఒకటి; ఆట సాగుతుండగా ఎవరైనా సందేహం అడిగితే వెంటనే జవాబు చూపించడం రెండవది. ఏ రూపంలో కొనాలన్న చర్చలో ఈ రెండు పనులనూ విడదీసి చూడకపోవడం వల్లనే చాలామంది అవసరం లేనిదానికి డబ్బు పోస్తున్నారు.

నేర్చుకునే దశలో కాగితానికి సాటి లేదని నేను గట్టిగా నమ్ముతాను. 2000 నుంచి 2017 వరకు వచ్చిన 54 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2018లో వెలువరించిన ఒక సమీక్ష, సమాచారాన్ని అందించే రచనలు కాగితం మీద చదివినవారికే మెరుగ్గా అర్థమవుతున్నాయనీ, చదవడానికి గడువు పెట్టినప్పుడు ఆ తేడా మరింత కనిపిస్తున్నదనీ తేల్చింది. రూల్‌బుక్ అచ్చంగా అటువంటి రచనే. మారిన నియమాలతో వచ్చిన 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో 384 పేజీలు ఉన్నాయి. అందులో కదలిక, దాడి, స్పెల్ వేసే పద్ధతి, విశ్రాంతి ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి కాబట్టి, ఒక అధ్యాయం చదువుతూ ఆ పేజీలో వేలు ఉంచి ఇంకొక అధ్యాయంలోకి వెళ్ళి రావలసిన అవసరం మాటిమాటికీ వస్తుంది. కొంతకాలం చదివాక ఏ నియమం పుస్తకంలో ఎంత దూరాన, పేజీలో ఏ మూల ఉందో చేతికే గుర్తుంటుంది. ఆట ఆడించేవాడికి ఆ గుర్తు చాలా విలువైనది, ఎందుకంటే అతను వెతుకుతున్నంతసేపూ ఎదుట కూర్చున్నవారందరూ ఎదురుచూస్తూ ఉంటారు.

ఇక వెతుక్కునే పని. ఇక్కడ డిజిటల్ ప్రతిదే పైచేయి అని చాలామంది అంటారు. ఆ మాటలో నిజం ఉంది, కానీ పూర్తిగా కాదు. పాత నియమాల 2014 హ్యాండ్‌బుక్‌లో క్లాసుల వారీగా స్పెల్స్ జాబితా ఒకచోటా, వాటి వివరణలు అక్షరక్రమంలో మరొకచోటా ఉండేవి. వివరణ దగ్గర అది ఏ క్లాసుకు చెందినదో రాసేవారు కారు. కొత్తగా విజర్డ్ పాత్ర తీసుకున్న ఆటగాడు ఆ రెండు చోట్ల మధ్య తిరగలేక విసిగిపోయేవాడు. లింకులు ఉన్న డిజిటల్ ప్రతిలో ఆ బాధ లేదు. అలాగే యుద్ధం జరుగుతుండగా నాలుగు రకాల మాన్‌స్టర్ల గణాంకాలు ఒకేసారి చూడాలంటే తెర మీద నాలుగు ట్యాబ్‌లు తెరవడం తేలిక. అయితే పీడీఎఫ్‌లో ఒక సాధారణ పదాన్ని వెతికితే అది వాడిన ప్రతి వాక్యమూ వచ్చి పడుతుంది. నువ్వు కోరిన నిర్వచనం వాటిలో ఎక్కడుందో తెలియదు. అందువల్ల వెతుకులాట పెట్టెలో పదం కొట్టే అలవాటు మానుకుని, పీడీఎఫ్ బుక్‌మార్కుల ద్వారా రూల్స్ గ్లాసరీకి (నియమాల పదకోశానికి) వెళ్ళడం నేర్చుకో. 2024 హ్యాండ్‌బుక్ చివర కూడా ఇదే గ్లాసరీ అక్షరక్రమంలో ఉంది; దాని మొదటి పేజీకి ఒక రంగు స్టిక్కర్ అంటిస్తే అచ్చు ప్రతిలోనూ నువ్వు అంతే వేగంగా చేరుకోగలవు.

ఫోనులో చదువుదామని మాత్రం అనుకోవద్దు. ఈ పుస్తకాలు సుమారు ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల ఎత్తు గల పేజీలకు రెండు కాలమ్‌లుగా కూర్చినవి. ఫోను తెర మీద అక్షరాలు పెద్దవి చేస్తే కాలమ్ అడుగుకు దిగి, మళ్ళీ పైకి ఎక్కి, పక్కకు జరిగి చదవవలసి వస్తుంది. పది అంగుళాల ట్యాబ్లెట్ ఉంటేనే పీడీఎఫ్ మార్గం ఎంచుకో.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమని నేను భావించే విషయానికి వస్తాను. కాగితమా, తెరా అన్నదానికంటె పెద్ద ప్రశ్న ఒకటి ఉంది: నువ్వు డబ్బు పెట్టి కొన్నది నీ దగ్గర ఉంటుందా, లేక ఇంకొకరి సర్వర్‌లో ఉండి వారి అనుమతితో నీకు కనిపిస్తుందా? 2009 ఏప్రిల్‌లో ఈ ఆట ప్రచురణకర్త అయిన విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ, దొంగ ప్రతులు పెరిగిపోయాయన్న కారణంతో తమ పీడీఎఫ్‌ల అమ్మకాన్ని అన్ని ఆన్‌లైన్ దుకాణాలలోనూ ఒక్కసారిగా ఆపివేసింది. అప్పటికే డబ్బు చెల్లించినవారు కూడా ఆ దుకాణాల నుంచి మళ్ళీ దించుకునే వీలు కోల్పోయారు. తిరిగి 2013లో గాని ఆ పాత గ్రంథాల పీడీఎఫ్‌లు అమ్మకానికి రాలేదు. ఫైలును ముందే తమ కంప్యూటర్‌లో దాచుకున్నవారికి ఏ నష్టమూ జరగలేదు.

డీ అండ్ డీ బియాండ్ 2017లో మొదలైంది, 2022లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ మాతృసంస్థ హాస్‌బ్రో దాన్ని కొన్నది. అక్కడ కొన్న పుస్తకం పీడీఎఫ్‌గా చేతికి రాదు. వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో ఖాతా తెరిచి చదువుకోవాలి. యాప్‌లో ఇంటర్నెట్ లేనప్పుడు చదవడానికి దించుకునే సదుపాయం ఉన్నా, అది కూడా ఆ ఖాతాకు కట్టుబడినదే. 2024లో అక్కడ జరిగిన రెండు మార్పులు నువ్వు తెలుసుకోవాలి. ఒక సబ్‌క్లాసునో ఒక మాన్‌స్టర్‌నో విడిగా కొనుక్కునే పద్ధతిని ఎత్తివేశారు. ఆగస్టులో, కొత్త నియమాలు వస్తున్నాయి కనుక ఆటగాళ్ళు తమ పాత్రల వివరాలు ఉంచుకునే క్యారెక్టర్ షీట్లలోని పాత స్పెల్స్, మ్యాజిక్ వస్తువుల స్థానంలో కొత్త పాఠాన్ని పెడతామని ప్రకటించారు. ఆటగాళ్ళు తీవ్రంగా అభ్యంతరం చెప్పడంతో కొద్ది రోజులకే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. వారు వెనక్కి తగ్గినందుకు సంతోషమే, కాని అల్మారాలో ఉన్న పుస్తకం పాఠం ఎవరి ప్రకటనతోనూ మారదు.

ఆ సేవ నిష్ప్రయోజనమని నా ఉద్దేశం కాదు. పాత్రలు తయారుచేసే సాధనం చాలా బాగుంటుంది. మాస్టర్ స్థాయి సబ్‌స్క్రిప్షన్ ఒక్కరికి ఉంటే, వారు కొన్న పుస్తకాలను ఆ క్యాంపెయిన్‌లోని (వరుసగా సాగే ఆ ఆటలోని) ఆటగాళ్ళందరూ చదువుకోవచ్చు. మీ బృందంలో కొందరు హైదరాబాద్ వెళ్ళిపోయి ఆన్‌లైన్‌లో ఆడవలసి వస్తే అప్పుడు తీసుకోండి. అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే ఆటకు నెలనెలా డబ్బు కట్టనక్కర లేదు.

బల్ల దగ్గర అందరి ముందూ ఒకే పాఠం ఉండడం ఎంత అవసరమో ఆట మొదలుపెట్టాక నీకే తెలుస్తుంది. గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ అనే స్పెల్‌ను మొదటి స్థాయిలో వేస్తే 2014 నియమాల ప్రకారం ఒక ఎనిమిది ముఖాల డైస్ వేయాలి, 2024 నియమాల ప్రకారం రెండు వేయాలి. ఎగ్జాషన్ (పాత్ర అలసట) నియమాలు అంతకంటె ఎక్కువ మారాయి: పాతవాటిలో ఆరు మెట్లకూ వేర్వేరు ఫలితాలు ఉండేవి, కొత్తవాటిలో ప్రతి మెట్టుకూ డీ20 (ఇరవై ముఖాల డైస్) పరీక్షలలో రెండు చొప్పున తగ్గుతుంది, వేగం అయిదు అడుగుల చొప్పున తగ్గుతుంది. ఒకరి ఫోనులో పాత పాఠం, ఇంకొకరి ఫోనులో కొత్త పాఠం ఉంటే ఇద్దరూ నిజాయితీగానే వాదించుకుంటారు, ఆట మాత్రం ఆగిపోతుంది. బల్ల మధ్య ఒక పుస్తకం ఉంచి, వివాదం వచ్చినప్పుడు అందులో ఉన్నదే ప్రమాణమని మొదటి రోజే అందరి చేతా ఒప్పించు. ప్రచురణకర్తలు విడుదల చేసే తప్పొప్పుల పట్టికను అప్పుడప్పుడు చూసి, ఆ సవరణలను పెన్సిల్‌తో పుస్తకంలోనే రాసుకో.

కళ్ళు సరిగా కనిపించని ఆటగాడు ఎవరైనా ఉంటే అతనికి ఈ నియమం వర్తించదు. అక్షరాలు పెద్దవి చేసుకోవడానికీ, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడుకోవడానికీ అతనికి డిజిటల్ ప్రతే కావాలి. అది నీ పుస్తకం కూర్పుతో సరిపోయేలా చూడడం నీ బాధ్యత.

మీరు ఆడేది తెలుగులో, నియమాలు ఉన్నది ఇంగ్లీషులో. నియమం చదివి అక్కడికక్కడే తెలుగులో వివరించడం డంజియన్ మాస్టర్‌కు అదనపు శ్రమ. దీనికి చక్కని పరిష్కారం ఉంది. 2023 జనవరిలో 2014 నియమాల సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ 5.1ను, 2025 ఏప్రిల్‌లో 2024 నియమాలకు సంబంధించిన 5.2ను క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ లైసెన్స్ కింద విడుదల చేశారు. మూలం ఎవరిదో పేర్కొంటే చాలు, వాటిని అచ్చు వేసుకోవచ్చు, అనువదించవచ్చు, పంచిపెట్టవచ్చు. దాడి ఎలా చేయాలి, ఒక టర్న్‌లో ఏమేమి చేయవచ్చు, కండిషన్ల (పాత్రకు కలిగే స్థితుల) ప్రభావం ఏమిటి అన్నవి తెలుగులో రెండు పేజీలుగా నువ్వే రాసి, తలా ఒక ప్రతి ఇవ్వు. మూడు పుస్తకాలకు పెట్టే ఖర్చుకంటె ఈ రెండు పేజీల కోసం నువ్వు పడే కష్టం మీ ఆటకు ఎక్కువ మేలు చేస్తుంది. రాస్తున్నప్పుడు నీకే అర్థం కాని నియమాలు బయటపడతాయి, అది మరో లాభం.

ధర గురించి క్లుప్తంగా చెబుతాను. 2024 హ్యాండ్‌బుక్‌కు అమెరికాలో అచ్చు ప్రతి ధర 49.99 డాలర్లు, డిజిటల్ ప్రతి ధర 29.99 డాలర్లు. మన దేశంలో అచ్చు పుస్తకాలకు జీఎస్‌టీ లేదు. అయితే దిగుమతి చేసుకునే పుస్తకాలపై 2019 బడ్జెట్‌లో 5 శాతం కస్టమ్స్ సుంకం విధించారు. డిజిటల్ కొనుగోలుకు డాలర్లలో చెల్లిస్తే బ్యాంకు అదనపు రుసుము తీసుకుంటుంది. ఇక అచ్చు ప్రతిని నువ్వు తరువాత ఎవరికైనా ఇవ్వవచ్చు, చర్చ్ స్ట్రీట్‌లోని పాత పుస్తకాల దుకాణాలలో అడిగి చూడవచ్చు. ఖాతాలో ఉన్న ప్రతిని అలా మరొకరికి అమ్మలేవు. ఇవన్నీ కలిపి చూస్తే ధరలో కనిపించే తేడా అంత పెద్దదేమీ కాదు.

ఇటువంటిదే మరో ఆట అయిన పాత్‌ఫైండర్ ఆడదామని మిత్రులు అంటున్నారని రాశావు. దాని ప్రచురణకర్త అయిన పైజో, పీడీఎఫ్‌లను ఫైళ్ళుగానే ఇస్తుంది, అదీ అచ్చు ప్రతి కంటె చాలా తక్కువ ధరకు. పైగా ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే వెబ్‌సైట్‌లో ఆ నియమాలన్నీ వారి అనుమతితో ఉచితంగా ఉన్నాయి. కనుక ఆ ఆటకైతే నా సలహా మారుతుంది: ముందు ఉచితంగా చదివి ఆడి చూడండి, నచ్చితే పీడీఎఫ్ కొనండి, దీర్ఘకాలం ఆడతామన్న నమ్మకం కుదిరాకే దాని మూల గ్రంథమైన 464 పేజీల ప్లేయర్ కోర్ అచ్చు ప్రతి తెచ్చుకోండి. కొన్నవారి పేరు, ఈమెయిల్ ఆ పీడీఎఫ్‌ల పేజీల మీద ముద్రించి ఉంటాయి కాబట్టి వాటిని ఎవరికీ పంపవద్దు. ఇక వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే దొంగ స్కాన్‌లను దగ్గరికి రానివ్వకు. వాటికి తరచు బుక్‌మార్కులు ఉండవు, సవరణలు చేరవు. అంతకుమించి, ఇటువంటి ఆటలు రాసేవారిలో చాలామంది ఇద్దరు ముగ్గురుగా పనిచేసే చిన్న ప్రచురణకర్తలు; వారి కష్టానికి డబ్బు చెల్లించకుండా వారి ఆట ఆడడం నాకు ససేమిరా ఇష్టం లేదు. డబ్బు లేకపోతే ఐరన్‌స్వోర్న్ వంటి ఆటల పీడీఎఫ్‌ను రచయితలే ఉచితంగా ఇస్తున్నారు. కొందరు చిన్న ప్రచురణకర్తలు బిట్స్ అండ్ మోర్టార్ అనే ఒప్పందం ప్రకారం, దుకాణంలో అచ్చు ప్రతి కొన్నవారికి పీడీఎఫ్ కూడా ఉచితంగా ఇస్తారు. కొనేముందు దుకాణదారుణ్ణి ఆ మాట అడుగు.

పుస్తకం కొనేటప్పుడు వెన్ను పైభాగాన్ని దగ్గరగా చూడు. కాగితాలు చిన్న చిన్న ఫారాలుగా మడిచి కుట్టినట్టు కనిపిస్తే ఆ పుస్తకం బల్ల మీద పరిచి పెట్టినా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. విడి కాగితాలను జిగురుతో అతికించినట్టు ఉంటే తరచు తెరిచే పేజీలు ముందుగా ఊడిపోతాయి. కొత్త పుస్తకాన్ని ఒకేసారి మధ్యకు విరిచి తెరవకుండా, ముందు నుంచి కొన్ని పేజీలు, వెనుక నుంచి కొన్ని పేజీలు మార్చి మార్చి తెరుస్తూ వెన్నును మెల్లగా అలవాటు చేయి. ఇవి నున్నటి పూత ఉన్న కాగితం మీద అచ్చయిన పుస్తకాలు. తడిసి ఆరితే పేజీలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, విడదీస్తే బొమ్మలు చిరుగుతాయి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఇక్కడ ఉన్నట్టుండి కురిసే వాన నీకు ఇప్పటికే పరిచయమై ఉంటుంది. బండి మీద వెళ్ళేటప్పుడు బ్యాగులో పెట్టేముందే పుస్తకాన్ని జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టు. అల్మారాను బయటి గోడకు ఆనించి ఉంచితే వానాకాలంలో చెమ్మ పడుతుంది, కాస్త ఎడంగా జరుపు.

చివరగా, దుకాణంలో 2014, 2024 కూర్పులు రెండూ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అన్న ఒకే పేరుతో దొరుకుతాయి. పాతది తక్కువ ధరకు వస్తున్నదని ఆత్రపడి తీసుకోవద్దు. లోపల కాపీరైట్ పేజీలో సంవత్సరం చూసుకుని, పేజీలు 384 ఉన్నాయో 320 ఉన్నాయో కూడా సరిచూసుకో. 384 ఉన్నదానికి 5.2 పీడీఎఫ్, 320 ఉన్నదానికి 5.1 పీడీఎఫ్ జత. ఏది కొన్నావో రాస్తే, తెలుగు పేజీల కోసం ఏయే నియమాలు ముందు తీసుకోవాలో గుర్తుపెట్టి పంపుతాను.

ఇట్లు,
మీ మావయ్య