ఎలక్ట్రాన్ బరువెక్కడమేంటి సార్?

ప్రశ్న: సార్, ఎలక్ట్రాన్ మాస్ ఎక్కడైనా ఒకటే కదా? స్ట్రాన్షియం రుథనేట్‌లో మూడు బ్యాండ్లు (ఎలక్ట్రాన్లు తిరిగే ఎనర్జీ దారులు) ఉంటే ఒకదాంట్లో 3 రెట్లు, ఇంకోదాంట్లో 7, మూడోదాంట్లో 16 రెట్లు బరువని మా మేడమ్ చెప్పారు. హండ్స్ మెటల్ అంటే ఇదేనా?
- ఎమ్మెస్సీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మేడమ్ కరెక్టే చెప్పారమ్మా. అసలు మాస్ ఎక్కడికీ పోలేదు. మేడారం జాతరలో జనాన్ని తోసుకుంటూ నడిస్తే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, మనిషి మనిషే గానీ అడుగు పడదు, ఆ నిదానాన్నే ఎఫెక్టివ్ మాస్ అని లెక్కలో రాసుకుంటాం.

ఇక హండ్ సంగతి. ఇంటర్ కెమిస్ట్రీలో చదివిన రూలే, ఖాళీ ఆర్బిటాల్ ఉండగా ఎలక్ట్రాన్లు జతగా కూర్చోవు, స్పిన్లు కూడా ఒకే వైపు పెట్టుకుంటాయి. ఇందులో రుథీనియం దగ్గర మూడు ఆర్బిటాళ్ళకి నాలుగు ఎలక్ట్రాన్లు, పక్క పరమాణువుకి గెంతే ఎలక్ట్రాన్‌కి అక్కడున్న వాటి స్పిన్‌తో పొత్తు కుదరాలి, కుదరకపోతే ఎనర్జీ కట్టాలి, అందుకే నడక ఈడ్చుకుంటూ సాగుతుంది, హండ్స్ మెటల్ అంటే ఇదే. తమాషా ఏంటంటే స్పిన్లని ఒకే వైపు పెట్టించే అదే హండ్ కప్లింగ్ ఇక్కడ మెటల్ని ఇన్సులేటర్ కాకుండా కాపాడుతుంది కూడా! నాలుగుకి బదులు సరిగ్గా మూడు ఎలక్ట్రాన్లుంటే మాత్రం ప్లేటు ఫిరాయించి ఇన్సులేటర్ వైపే నెడుతుంది.

అయితే ఆ 16 మొత్తం హండ్ ఖాతాలో వేసేయకండి, చాలామంది చేసే తప్పే ఇది. ఉత్త బ్యాండ్ లెక్కలోనే ఆ బ్యాండ్‌కి దాదాపు 3 వస్తుంది, కరిలేషన్ వల్ల, అంటే ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి అడ్డుపడటం వల్ల పెరిగేది ఓ ఐదున్నర రెట్లే. దానికే ఎందుకంత ఎక్కువంటే, అది ఎక్స్‌వై ఆర్బిటాల్ బ్యాండు, దాని వాన్ హోవ్ శిఖరం (ఎనర్జీ స్థాయిలు కిక్కిరిసిన చోటు) ఫెర్మీ లెవెల్‌కి, అంటే ఎలక్ట్రాన్లు నిండిన పై అంచుకి, బాగా దగ్గర్లో ఉంటుంది.

1994లో హిరోషిమా యూనివర్సిటీ వాళ్ళు 1 కెల్విన్ దగ్గర్లో సూపర్‌కండక్టివిటీ చూసింది ఇందులోనే, ఆ గొడవ ఇంకోసారి.

స్ట్రాన్షియం తీసి కాల్షియం పెట్టి చూడండి, ఎలక్ట్రాన్ల లెక్క అంతే, కాకపోతే కాల్షియం చిన్నది కాబట్టి రుథీనియం చుట్టూ ఉన్న ఆక్సిజన్ గూళ్ళు వంకర తిరిగి మోట్ ఇన్సులేటర్ (ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుని కదల్లేకపోయే ఇన్సులేటర్) అయి కూర్చుంటుంది. దాన్నే 84 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే మళ్ళీ మెటల్! కాకపోతే ఆకారం ఒక్కసారిగా మారడంతో క్రిస్టల్ పటపటా పగిలిపోతుంది, అందుకే ల్యాబుల్లో దాన్ని వేడి చేసేవాళ్ళు ఇంకో ముక్క దాచుకునే మొదలుపెడతారు.