దిద్దించేది ఆనక, ముందు ఆడుకోనీ

అమ్మణ్ణీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. తిరుపతిలో చిన్నపిల్లల బడిలో టీచరుగా చేరి నెల కూడా కాలేదు, అప్పుడే తల్లులు గేటు దగ్గర నిలబడి 'పలకా లేదు, పుస్తకమూ లేదు, పొద్దస్తమానం ఆటలేనా మేడం' అంటున్నారన్నావు. నీకూ టెన్షన్ పట్టుకుని సోమవారం నుంచి నాలుగు గీతల పుస్తకాలు తెప్పిస్తానన్నావు. తెప్పించొద్దు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగైనా చదువు.

చిత్తూరులో ముప్పై ఏళ్ళు పిలకాయల మధ్యే కూర్చున్నదాన్ని. మొదట్లో నేనూ దిద్దించినదాన్నే. మూడున్నరేళ్ళ పాప చేత 'అ' మీద ఇరవైసార్లు దిద్దించాను. బలపం పట్టుకున్న వేళ్ళు తెల్లబడేలా బిగించేది, నాలుక బయటపెట్టి ఊపిరి బిగబట్టేది. వారం తిరిగేసరికి పలక తీస్తే చాలు ఏడుపు. మొండిదనుకున్నాను గానీ తప్పు నాదేనని చాలా ఆలస్యంగా తెలిసింది. మణికట్టులో ఉండే 8 చిన్న ఎముకల్లో మూడేళ్ళ బిడ్డకు సగం కూడా గట్టిపడి ఉండవు, మిగతాదంతా ఇంకా మెత్తటి మృదులాస్థే. ఆ చేతికి బలపం ఇచ్చి గుండ్రంగా రాయమంటే ఎలా రాస్తుంది?

ఆ చేతికి పట్టు రావాలంటే చిటికెతో చేసే పనులివ్వు. ముగ్గుపిండి చిటికెడు తీసి చుక్క పెట్టే బొటనవేలూ చూపుడువేలే కదా రేపు పెన్సిల్ పట్టేవి. చపాతీ పిండిలో ఇంత ఉప్పేసి కలిపి ముద్ద చేతికివ్వు, పిసుక్కుంటారు. చింతగింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఏరమను. గింజల దగ్గర మాత్రం నువ్వు కదలకుండా అక్కడే కూర్చోవాలి, ముక్కులోనో చెవిలోనో దూర్చుకుంటారు, నోట్లో వేసుకుంటే గొంతుకు అడ్డం పడుతుంది. మూడేళ్ళు నిండనివాళ్ళకు అసలు ఇవ్వొద్దు. ఇరవై ఇచ్చావంటే ఇరవై లెక్కపెట్టి వెనక్కి తీసుకో, పిల్లల చేతే లెక్కపెట్టించు. జాగ్రత్తకు జాగ్రత్త, లెక్కకు లెక్క.

వాళ్ళు ఆడుకునేటప్పుడు మనం నోరు మూసుకుని ఉండటమే మన పనిలో కష్టం. ఒకసారి ఇసుకలో ఒక కొబ్బరి చిప్ప, ఒక చిన్న గిన్నె పెట్టాను. నాలుగేళ్ళ అబ్బోడు గిన్నెతో ఇసుక తీసి చిప్పలో పోస్తున్నాడు, నిండగానే కుమ్మరించేసి మళ్ళీ మొదలు. మూడోసారి, రెండు గిన్నెలు పోశాక చిప్పకేసి చూసి 'ఇంకొక్కటి' అని తనలో తనే గొణుక్కున్నాడు. ఎన్ని పడితే నిండుతుందో వాడికి ముందే తెలిసిపోయిందన్నమాట! నాకు ఉత్సాహం ఆగలేదు, 'ఎన్ని పోశావు నాన్నా, ఏదీ వన్ టూ త్రీ చెప్పు' అంటూ వంగాను. వాడు నా ముఖం చూశాడు, గిన్నె కింద పెట్టి చేతులు దులుపుకుని లేచిపోయాడు. ఆ వారమంతా ఇసుక దిక్కే పోలేదు. అప్పటి నుంచి ఏదైనా అడగాలనిపిస్తే మనసులో పది లెక్కపెట్టుకునేదాన్ని. పది అయ్యేలోగా చాలాసార్లు వాళ్ళే చెప్పేసేవాళ్ళు.

తిరుపతి పిలకాయలకు బస్సాట నేర్పాల్సిన పనే లేదు. కుర్చీలు వరసగా వేసి, పాత టికెట్లు నాలుగు ఒక డబ్బాలో పడేసి పక్కకు తప్పుకో. ఒకడు డ్రైవరు, ఒకతె కండక్టరు, అలిపిరి చెక్‌పోస్టు రాగానే ఒకడు దూకి సంచులు తెరవమంటాడు. మా క్లాసులో ఒక పాప కాగితమ్ముక్క చించి రెండు గీతలు గీసి 'ఇది నీకూ మీ అమ్మకూ' అని ఇంకో పాప చేతిలో పెట్టింది. రెండు గీతలంటే ఇద్దరు మనుషులు. గీసిన గుర్తుకు అర్థం ఉంటుందని ఆ బిడ్డకు పట్టుబడింది, అక్షరమంటే అదే కదా. జనం వేషాలు కట్టే గంగజాతర అయ్యాక జూన్‌లో బడి తెరిస్తే బైరాగి వేషం, దొర వేషం అని ఎగురుతారు చూడు, గోలగా ఉందని ఆపేయకు. వేషంలో ఉన్నప్పుడు పిల్లలు మామూలప్పటికంటే పొడుగు మాటలు మాట్లాడతారు.

మూడేళ్ళవాళ్ళు పక్కపక్కన కూర్చుని ఎవరి బొమ్మతో వాళ్ళు ఆడుకుంటుంటే కలవడం లేదని కంగారుపడకు. ఆ వయసుకు అది మామూలే, 1932లోనే మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు దీన్ని విడిగా గుర్తించి రాసింది. ఇంకోటి, టీవీలో రైమ్స్ పెట్టి నోరు తెరుచుకుని చూసేలా కూర్చోబెట్టి దాన్ని ఆటల చదువు అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మీ హెడ్ మేడం అడిగితే భయపడకుండా చెప్పు, ఇది మా పెద్దమ్మ చాదస్తం కాదని. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ వరకు ఒకే దశగా పెట్టి, ఆటతోనే సాగాలంది. దాని వెనకే 2022లో వచ్చిన, ఏ వయసుకు ఏం నేర్పాలో చెప్పే పాఠ్య ప్రణాళిక చట్రం 3 నుంచి 6 ఏళ్ళవాళ్ళకు పాఠ్యపుస్తకాలే పెట్టొద్దంది.

తల్లులకు మాత్రం ఇవేవీ చెప్పకు, వాళ్ళకు కావాల్సింది వాళ్ళ బిడ్డ సంగతి. చిన్న నోటు పుస్తకం పెట్టుకుని రోజుకు నలుగురి గురించి ఒక్కో వాక్యం రాయి. 'ఈరోజు మీ వాడు ఐదుగురికి ఐదు ప్లేట్లు తప్పులేకుండా పెట్టాడు', అంతే, గేటు దగ్గర అది చదివి వినిపించు. అప్పటికీ వినని తల్లి ఒకరిద్దరు ఉంటారు. మా దగ్గర ఒకాయన నెల తిరక్కుండా బిడ్డను మాన్పించి వేరే బడిలో వేశాడు. నాలుగు రోజులు బాధపడ్డాను, తర్వాత మర్చిపోయాను.

రేపు పొద్దున బస్సుకు మీ బాబాయి చేత సంచి పంపిస్తున్నాను. కొబ్బరి చిప్పలు ఆరు, అంచులు ఉప్పు కాగితంతో రుద్దే పెట్టాను, అయినా నువ్వొకసారి వేలితో తడిమి చూసుకో. చింతగింజలు 200 ఉండాలి, లెక్కపెట్టి తీసుకో.

మీ పెద్దమ్మ