రెండో వరుసలో నిలబడితే అనాటమీ రాదు

ప్రశ్న: సార్, మాది హిందూపురం. పదేళ్లుగా బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతోంది. రోజూ ఇంటి నుంచే వెళ్లి వస్తుంది. శవాన్ని కోసి శరీర నిర్మాణం నేర్చుకునే డిసెక్షన్ మొదలై మూడు నెలలైంది. అప్పటి నుంచి ఇంటికి రాగానే తలస్నానం చేస్తుంది, అన్నం సరిగా తినదు, చికెన్ పూర్తిగా మానేసింది. మొదటి ఇంటర్నల్లో అనాటమీ థియరీకి 100కి 63, ప్రాక్టికల్‌కి 34 వచ్చాయి. శవాన్ని చూసి జడుసుకుందని మా అత్తగారు తాయెత్తు కట్టించారు. ఇది డాక్టరు చదువుకు పనికిరాదేమోనని మా వారి టెన్షన్. ఇప్పుడే మాన్పించి ఫిజియోథెరపీలో చేర్పిస్తే మంచిదా? ఎవరి శవమో ఏమో, దాన్ని కోయడం తప్పు కాదా అని కూడా ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, రెండు మార్కులూ విడివిడిగా రాసి మంచి పని చేశారు. చాలామంది 'అనాటమీ పోయింది సార్' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. మీ ఉత్తరంలో సగం జవాబు ఆ అంకెల్లోనే ఉంది. నిజంగా జడుసుకున్న పిల్ల పుస్తకంలో బొమ్మ చూడటానికి కూడా ఇష్టపడదు. అలాంటప్పుడు రెండు మార్కులూ పడిపోవాలి. మీ అమ్మాయికి ఒక్కటే పడింది.

అందుకే మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేసి తనతో ఓ ఇరవై నిమిషాలు మాట్లాడాను. భయం గురించి అడగలేదు. "టేబుల్ దగ్గర ఎక్కడ నిలబడతావమ్మా?" అన్నాను. "కాళ్ల వైపు సార్, రెండో వరుసలో." "కత్తి ఎవరి చేతిలో ఉంటుంది?" "ఇద్దరబ్బాయిలు ఉన్నారు సార్, ఎప్పుడూ వాళ్లే కోస్తారు. నేను ఎలా కోయాలో రాసుండే మాన్యువల్ చదివి వినిపిస్తాను."

అదీ సంగతి. పెళ్లిలో మంత్రాలన్నీ పురోహితుడు చదువుతాడు, తాళి మాత్రం ఇంకొకరు కడతారు. మీ అమ్మాయి మూడు నెలలుగా ఆ టేబుల్‌కి పురోహితురాలు. ఎక్కడ గాటు పెట్టాలో, ఏ పొర కింద ఏముంటుందో గడగడా చదువుతుంది కాబట్టి థియరీలో 63 వచ్చాయి. ఫోర్సెప్స్, అదే పట్టకారు, ఒక్కసారైనా పట్టుకున్నావా అంటే కాసేపు మాట్లాడలేదు.

ఈ తప్పు నాకు కొత్త కాదు, ఒకప్పుడు నేనే చేయించాను. కౌన్సెలింగ్‌లోకి రాకముందు పన్నెండేళ్లు అనాటమీ ట్యూటర్‌గా పనిచేశాను. ఒక ఏడాది నా టేబుళ్ల దగ్గర చురుగ్గా ఉన్న నలుగురికే కత్తులు అప్పజెప్పాను. పని త్వరగా అయ్యేది, నాకూ హాయిగా ఉండేది. ఏడాది చివర వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఒకమ్మాయి అల్నార్ నర్వ్ అనే చేతి నరం దారంతా చంక నుంచి చిటికెన వేలిదాకా తడుముకోకుండా చెప్పింది. "బాగుంది, మణికట్టు దగ్గర దాన్ని పైకెత్తి చూపించు" అన్నాను. ఆ అమ్మాయి దాని పక్కనే ఉన్న స్నాయువును (కండరాన్ని ఎముకకు కలిపే తాడును) ఎత్తి పట్టుకుని, ఇదే నర్వ్ అని నా వైపు చూసింది. తాడులా మెరుస్తూ గట్టిగా ఉండేది స్నాయువు, కాస్త మెత్తగా, చదునుగా ఉండేది నర్వ్. వేళ్ల మధ్య ఒకసారి నలిపి చూసినవాళ్లు ఆ రెండింటినీ మళ్లీ పొరబడరు. ఆ పిల్లకి నలిపి చూసే అవకాశం నేనే ఇవ్వలేదు.

లెక్చర్ హాల్లో చెప్పేది ఒక చదువు, డిసెక్షన్ హాల్లో నేర్చుకునేది ఇంకో చదువు. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో అనాటమీ లెక్చర్లకు 220 గంటలు ఇచ్చారు, చిన్న బృందాల పనికీ ప్రాక్టికల్స్‌కీ కలిపి 415 గంటలు. అంటే దాదాపు రెట్టింపు. ఆ గంటల్లో డిసెక్షన్ హాల్లో గడిచేవన్నీ మీ అమ్మాయి వెనక వరుసలో నిలబడి వింటూ గడుపుతోంది. పైగా థియరీ మిగులు తెచ్చి ప్రాక్టికల్ లోటు పూడ్చే వీల్లేదు, రెండూ విడివిడిగా గట్టెక్కాలి.

ప్రాక్టికల్లో పిల్లల్ని ముంచేవి స్పాటర్లు. టేబుళ్ల మీద వరసగా స్పెసిమెన్లు పెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో చోట పిన్నో దారమో పెడతారు. గంట కొట్టగానే పక్క టేబుల్‌కి జరగాలి. ఆ కాస్త వ్యవధిలో అదేమిటో గుర్తుపట్టి, దానికి నర్వ్ ఎక్కడి నుంచి వస్తుందో రాయాలి. పుస్తకంలో ధమని ఎర్రగా, సిర నీలంగా, నర్వ్ పసుపుపచ్చగా అచ్చేస్తారు. శవం పాడవకుండా వాడే ఫార్మలిన్‌లో ఉన్న శరీరంలో ఆ మూడూ ఒకే మట్టిరంగు. రంగును నమ్ముకున్నవాళ్లు అక్కడ బోల్తా పడతారు.

చంకనే తీసుకోండి. మొదటి ఏడాది పిల్లల్ని ఏడిపించే బ్రాకియల్ ప్లెక్సస్ ఉండేది అక్కడే. మెడ నుంచి వచ్చే ఐదు నరాల మూలాలు కలిసి, విడిపోయి, మళ్లీ కలిసి చేతిలోకి దిగుతాయి. బోర్డు మీద ఐదు నిమిషాల్లో గీసేయొచ్చు. హాల్లో చర్మం తీయగానే కనిపించేది మాత్రం పసుపుపచ్చ కొవ్వే, చేతి తొడుగులకు వెన్నలా అంటుకుంటూ ఉంటుంది. దాన్ని కత్తితో కోస్తే నరాలు కూడా తెగుతాయి. కత్తెర మూసి కొవ్వులోకి నెమ్మదిగా దూర్చి, లోపల తెరవాలి. కొవ్వు విడిపోతుంది, నరాలు మిగులుతాయి. అలా అరగంట ఓపిక పడితే ధమని ముందు ఇంగ్లీషు 'ఎమ్' అక్షరంలా మూడు నరాలు తేలతాయి. మస్క్యులోక్యుటేనియస్, మీడియన్, అల్నార్. సొంత చేత్తో ఒక్కసారి ఆ 'ఎమ్' బయటికి తీసినవాళ్లు ఏ శరీరం మీద పిన్ను గుచ్చినా ముందు దాన్నే వెతుక్కుంటారు, మిగతావి దాన్నిబట్టి చెప్పేస్తారు.

ఇంకో సంగతి, అన్ని శరీరాలూ పుస్తకంలో బొమ్మలా ఉండవు. ఇది మీ ఇంట్లోనే చూడొచ్చు. బొటనవేలు, చిటికెన వేలు చివర్లు కలిపి మణికట్టును కాస్త లోపలికి వంచండి. మణికట్టు మధ్యలో ఒక తాడు పైకి లేస్తే అది పామారిస్ లాంగస్ అనే కండరం తాలూకు స్నాయువు. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు. కొందరికి ఒక చేతికి ఉండి రెండో చేతికి ఉండదు. లేకపోయినా చేతి పనికి పెద్దగా లోటు రాదు కాబట్టి, వేరేచోట తెగిన స్నాయువుల్ని బాగుచేయడానికి సర్జన్లు దీన్నే తీసి వాడుకుంటారు. హాల్లో మీ అమ్మాయి టేబుల్ మీద ఉన్న శరీరంలో అది లేకపోతే, మాన్యువల్ చదివేవాళ్లు 'ఉంటుంది' అని చదువుతూనే ఉంటారు. కోసేవాళ్లకే తెలుస్తుంది.

త్రీడీ యాప్‌ల గురించి అడిగింది మీ అమ్మాయి. వాడుకోనివ్వండి, ముందురోజు రాత్రి చూసుకోవడానికి బాగుంటాయి. కానీ ఫోన్ తెర మీద కొవ్వు ఉండదు.

ఇక ఏం చేయాలి? తనకు ఫోన్లో చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. టేబుల్ దగ్గర వంతులు పెట్టమని ట్యూటర్‌ను అడగాలి. ఇవాళ చదివినవాళ్లు రేపు కోయాలి. సిగ్గుపడి స్నేహితుల్నే అడుగుతానంటే జరగదు, కత్తికి అలవాటుపడ్డవాళ్లు తమంతట తాము వదలరు. హాల్‌కి వెళ్లేముందు ఆరోజు కోయబోయే చోట ఎముక ఒకటి చేత్తో పట్టుకుని, ఏ కండరం ఎక్కడ అతుక్కుంటుందో వేలితో తడుముకోవాలి. వచ్చాక పుస్తకం తెరవకుండా, తను చూసింది చూసినట్టు ఒక కాగితం మీద గీయాలి. బొమ్మ అందంగా రావాలని లేదు. మైక్రోస్కోపులో కణజాలం చూసి బొమ్మలు గీసే హిస్టాలజీ రికార్డు కోసం గులాబీ, ఊదా పెన్సిళ్లతో రాత్రి ఒంటిగంట దాకా రంగులు దిద్దుతున్నానని చెప్పింది. దాంట్లో సగం సమయం చాలు. ఆ రికార్డు అందానికి వచ్చే మార్కులు ఎన్నో నాకు తెలుసు.

తిండి, స్నానం గురించి. ఫార్మలిన్ వాసన జుట్టుకు పట్టి పోదు. తలస్నానం చేస్తున్నది అందుకేనని తనే చెప్పింది. హాల్లో జుట్టు ముడివేసి టోపీ పెట్టుకుంటే రోజూ తల తడపక్కర్లేదు. ఏప్రన్ విడిగా ఉతకండి. కళ్లు మండుతున్నాయంటే నటన అనుకోకండి, ఫార్మలిన్ నుంచి లేచే ఫార్మాల్డిహైడ్ ఆవిరి కళ్లనూ ముక్కునూ మండిస్తుంది. ఎక్కువకాలం ఎక్కువ మోతాదులో పీలిస్తే క్యాన్సర్ ముప్పు కూడా ఉంది. అందుకని కిటికీలు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఉన్న వైపు నిలబడాలి, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని వెళ్లకూడదు, చేతి తొడుగులు చిరిగితే వెంటనే మార్చుకోవాలి. చికెన్ సంగతి మామూలే. ఫార్మలిన్‌లో ఉన్న కండరం చూడటానికి ఉడికిన మాంసం పోగుల్లా ఉంటుంది. నా విద్యార్థుల్లో చాలామంది కొన్నాళ్లు మానేసి, ఏదో ఒక ఆదివారం బిర్యానీ ముందు లొంగిపోయారు. అప్పటిదాకా పప్పు, గుడ్డు పెట్టండి, బలవంతం చేయకండి. నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా, హాల్ అనగానే గుండె దడ వచ్చినా అది వేరే విషయం. అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకు చూపించాలి. ఫోన్లో నాకు అలాంటివేవీ వినపడలేదు. తాయెత్తు ఉంచుకున్నా నష్టం లేదు, మణికట్టుకి కాకుండా చూడండి, తొడుగు కింద అడ్డం వస్తుంది.

ఎవరి శవమో అన్నారు. కర్ణాటకలో దీనికి 1957 నాటి అనాటమీ చట్టం ఉంది. ఎవరూ తీసుకెళ్లని మృతదేహాలు, బతికుండగానే రాసిచ్చినవాళ్ల దేహాలు చట్టప్రకారం కాలేజీలకు చేరతాయి. మన తెలుగువాడు, చెన్నైలో పుట్టిన సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరులో చనిపోయినప్పుడు, కుటుంబసభ్యులు ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చారు. ఇది పాశ్చాత్యుల పద్ధతి అని మీ అత్తగారు అంటే మన ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడి సంగతి చెప్పండి. దేహాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీళ్లలో ఏడు రాత్రులు నానబెట్టి, తర్వాత కుంచెతో రుద్దుతూ ఒక్కో పొరా కళ్లతో చూసి తెలుసుకోమన్నాడాయన. డిసెక్షన్ మొదలయ్యే రోజు పిల్లల చేత ఆ దేహానికి గౌరవంగా ప్రతిజ్ఞ చేయిస్తారు. మీ అమ్మాయి కూడా చేసింది, ఇంట్లో చెప్పలేదట. హాల్లో ఫోన్ బయటికి తీయడం, ఫోటో తీయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దని గట్టిగా చెప్పండి. అక్కడ ఏ కాలేజీ క్షమించదు.

ఫిజియోథెరపీకి మార్చడం గురించి. అనాటమీ నుంచి తప్పించుకోవడానికి అటు వెళ్తే, అక్కడ మొదటి సంవత్సరం ఎదురయ్యేది అనాటమీయే. చేతులు, కాళ్లు, కండరాలు అయితే వాళ్లకు ఇంకా లోతుగా ఉంటాయి. డెంటల్‌లో ఉంది, నర్సింగ్‌లోనూ ఉంది. కదలికలంటే ఇష్టమై ఫిజియోథెరపీ చేస్తానంటే మంచి కోర్సే, నేనే దగ్గరుండి చేర్పిస్తాను. కానీ ఇది 34 మార్కులకు భయపడి తీసుకునే నిర్ణయం కాదు. మధ్యలో సీటు వదిలేస్తే కట్టిన ఫీజు, కాలేజీ దగ్గరున్న ఒరిజినల్ సర్టిఫికెట్ల గొడవ కూడా ఉంటుంది. అలాట్‌మెంట్ కాగితాలు తీసి నిబంధనలు చదవమని మీ వారికి చెప్పండి, కాస్త కుదుటపడతారు. మొదటి సంవత్సరం పాస్ కావడానికి 2023 నిబంధనల ప్రకారం నాలుగు అవకాశాలున్నాయి. ఇంకా ఒక్క యూనివర్సిటీ పరీక్ష కూడా రాలేదు, ఇది ఇంటర్నల్ మాత్రమే.

చేయి పూర్తయింది, వచ్చే సోమవారం నుంచి కాలు మొదలవుతుందని చెప్పింది. తొడ ముందు భాగంలో మొదటి గాటు తనే పెడతానని ట్యూటర్‌ను అడగమన్నాను. రెండు తొడల్లో ఒకదాని మీద కుట్లు ఉండొచ్చు, దేహం పాడవకుండా ఎక్కించే ఎంబామింగ్ ద్రవం చాలాసార్లు అక్కడి ధమనిలోంచే ఎక్కిస్తారు. ఆ వైపు ఇంకొకరికి వదిలేసి, కుట్లు లేని వైపు తీసుకోమన్నాను. చేయి వణుకుతుందేమో సార్ అంది. వణుకుతుంది, మొదటి రోజు నాకూ వణికింది, చర్మం అనుకున్నదానికంటే మందంగా ఉంటుంది కాబట్టి ఏమీ కాదు అన్నాను.

రెండో ఇంటర్నల్ అయ్యాక మళ్లీ రాయండి. థియరీ మార్కులు అక్కర్లేదు, ప్రాక్టికల్ ఒక్కటి చాలు.