కొండల్లో ఊట నీటిని మరిగించకుండా తాగవచ్చా?

తాగకూడదు, ఊట నేల నుంచి ఉబికే చోటే పట్టుకున్నా, ఆ నీటిని కనీసం 1 నిమిషం సలసల మరిగించాకే తాగాలి. వాన నీరు మట్టిలోకి, రాతి పగుళ్లలోకి ఇంకి, గట్టి రాతి పొర అడ్డుపడిన చోట పక్కకు జారి కొండవాలులో బయటపడుతుంది; మట్టి కొంత వడపోసినా, పగుళ్ల గుండా వేగంగా వచ్చే నీటిలో సూక్ష్మక్రిములు మిగిలిపోతాయి. ఉదాహరణకు, అరకు, పాడేరు కొండల్లో ఎండాకాలంలోనూ పచ్చగా, చిత్తడిగా ఉండే వాలు ఊటకు మంచి గుర్తే గాని, దానికి ఎగువన పశువులు మేస్తుంటే, ముఖ్యంగా వాన పడ్డాక, ఆ నీరు కలుషితమై ఉండవచ్చు. (2,000 మీటర్ల ఎత్తు దాటితే 3 నిమిషాలు మరిగించాలి, ఈ కొండలు అంత ఎత్తు లేవు.) తేటగా, చల్లగా ఉంటే మంచి నీరేనని చాలామంది పొరబడతారు, తేటదనం బురద లేదని మాత్రమే చెబుతుంది.