బోల్డ్ సెరిఫ్ గీస్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి మావయ్య దీవెనలు.

నువ్వు పంపిన అక్షరాలన్నీ ప్రింటు తీయించి చూశాను. ఇంగ్లీషు బోల్డ్ సెరిఫ్, అంటే గీతల కొసల్లో చిన్న ముక్కలు (సెరిఫ్‌లు) ఉండే లావు అక్షరాలు, బాగా కుదిరింది. దానికి జోడీగా తెలుగు కూడా నువ్వే గీస్తానని పట్టుబట్టావు చూడు, అది ఇంకా నచ్చింది. అయితే నలుపు మీద పెట్టినంత శ్రద్ధ తెలుపు మీద పెట్టలేదమ్మా. లావు గీత ఎవరైనా గీస్తారు. ఇలాంటి ఫాంటు నిలబడేదీ పడిపోయేదీ పక్కనున్న సన్న గీతతోనూ, అక్షరం పొట్టలో మిగిలే ఖాళీతోనూ.

ముందు ఇది ఎక్కడ వాడే ఫాంటో తేల్చుకో. ఇటలీ ముద్రాపకుడు బొడోనీ లాంటివాళ్ళు పుస్తకాల కోసం చేసిన తరహా అక్షరాలని బాగా లావు చేసి, 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో పోస్టర్ల కోసం ‘ఫ్యాట్ ఫేస్’లు పోతపోశారు. నిలువు గీత ఎంత లావో అడ్డగీత అంత సన్నం. పెద్ద సైజులో కళ్ళు తిప్పుకోలేం, చిన్న సైజులో ఆ సన్న గీత ఉందో లేదో తెలియదు. 1922లో వచ్చిన కూపర్ బ్లాక్ అనే లావు ఫాంటు ఇంకో దారి పట్టింది. సెరిఫ్‌లు గుండ్రం, లావుకీ సన్నానికీ తేడా తక్కువ. ప్రింటింగు కాస్త అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది.

నువ్వు గీసింది మొదటి రకం. దుకాణాల బోర్డులకి అంటున్నావు కాబట్టి సన్న గీత మందం పెంచక తప్పదు. మన విశాఖ జగదాంబ జంక్షన్‌లో వెనక లైటు పెట్టిన బోర్డు మీద ముదురు రంగు అక్షరం వేస్తే, రాత్రిపూట ఆ వెలుగు సన్న గీతని తినేస్తుంది. ఫ్లెక్సు మీద నల్ల నేల, తెల్ల అక్షరం అయితే ఇంకు పాకి గీత మూసుకుపోతుంది. బీచ్ రోడ్డులో రేకు కత్తిరించి బిగించే అక్షరాలకి ఉప్పుగాలి తగిలితే ముందు పోయేది అక్కడే.

ఇక తెలుగు. తాటాకు మీద గంటంతో రాసిన గీత ఎటు తిరిగినా ఇంచుమించు ఒకే మందం. ఇంగ్లీషులో లావూ సన్నం వెడల్పు పాళీ నుంచి వచ్చాయి. మన అక్షరానికి సెరిఫ్ లేదు, అవసరమూ లేదు. తలకట్టు చివర నువ్వు అతికించిన సెరిఫ్ ముక్క తీసెయ్. నీ ఇంగ్లీషు సెరిఫ్ ఏ కోణంలో తెగిందో తలకట్టు కొసని అదే కోణంలో తెంపు. రెండూ ఒకే ఇంటి పిల్లల్లా కనిపిస్తాయి.

ద, థ, ధ పక్కపక్కన పెట్టి చూడు. థ పొట్టలో చుక్క, ధ కింద చిన్న గీత. బోల్డ్‌లో ఆ చుక్క పొట్టంతా నింపేస్తుంది, కింది గీత అక్షరంలో కలిసిపోతుంది. నీ ‘ధనలక్ష్మి’ నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే ‘దనలక్ష్మి’ అయిపోయింది. ఆ గీత మందం సగానికి తగ్గించి కాస్త కిందకి లాగు.

అదే పేరులో ‘క్ష్మి’ చూడు. పైన గుడి, కింద ష ఒత్తు, దాని వెంట మ ఒత్తు. నువ్వు పెద్ద అక్షరాన్నే కుదించి ఒత్తుగా పెట్టావు. దాంతో గీత కూడా సన్నబడి, ఒత్తు వేరే ఫాంటులోంచి తెచ్చినట్టుంది. అలాగని పూర్తి లావు ఇస్తే లోపల ఖాళీయే మిగలదు. పూర్ణా మార్కెట్ వీధుల్లో బోర్డులు రాసే రోజుల్లో ఒత్తులకి ఒక్క నంబరు చిన్న బ్రష్షు తీసుకునేవాళ్ళం, అంతే. నువ్వూ అలాగే ఒత్తుల్ని విడిగా, ఒక మెట్టు మాత్రమే తగ్గించి గీయి. ‘స్త్రీ’లో త ఒత్తూ క్రావడీ కొట్టుకోకుండా ఉంటే మిగతావాటికి టెన్షన్ పడక్కర్లేదు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర అనే లావు తెలుగు ఫాంటు ఉచితంగానే దొరుకుతుంది. అంత బరువులో ఒత్తులకి చోటెలా ఇచ్చారో చూడు.

ఫాంటుతో పాటు వాడేవాళ్ళకి ఒక పేజీ రాసివ్వు. దుకాణం పేరుకే ఇది. అడ్రసు, ఫోన్ నంబరు, మెనూ మామూలు ఫాంటులో వేయమను. చోటు నింపడానికి కోరల్‌డ్రా (బోర్డులు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్)లో అడ్డంగా సాగదీస్తే నిలువు గీతలు మాత్రమే ఉబ్బుతాయి. ఇంకా బోల్డ్ కావాలని అక్షరం చుట్టూ అవుట్‌లైన్ కలిపితే ఇన్నాళ్ళు నువ్వు కాపాడిన తెలుపంతా పోతుంది. ఈ రెండూ వద్దని పెద్ద అక్షరాల్లో రాయి. పెద్ద సైజులో అక్షరాలని దగ్గరికి జరపొచ్చు కానీ వరసలని జరపకూడదు, పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి.

ఒక్క అనుమానం. నీ ఇంగ్లీషు అక్షరాలు చూస్తే ప్లేఫెయిర్ డిస్‌ప్లే అనే ఫాంటు గుర్తొచ్చింది. దాని గీతలు తీసుకుని మార్చి ఉంటే ఇప్పుడే చెప్పు. అది ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగల ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉంది. దానిమీద కట్టినది కూడా అదే లైసెన్సులో ఇవ్వాలి, ఫాంటుని విడిగా అమ్ముకోకూడదు.

అక్షరమాల మొత్తం ఇప్పుడే గీయకు. ‘విశాఖపట్నం’, ‘ధనలక్ష్మి’, ‘రథం’, ‘స్త్రీ’ సరిచేసి, పెద్ద కాగితాల మీద ప్రింటు తీసి గేటుకి అంటించు. రోడ్డు అవతల నుంచి పగలొకసారి, వీధి లైటులో ఒకసారి చూడు. తర్వాత ఆ కాగితాలు పట్టుకుని ఇంటికి రా. అక్కని అడిగానని చెప్పు.

మావయ్య