పందిరి నిండా చిక్కుడు తీగే, పూత ఏది?

సందేహం: మాది నర్సంపేట దగ్గర పల్లె. ఏప్రిల్‌లో వాకిట్లో నాలుగు చిక్కుడు గింజలు పెట్టాం. తీగ పందిరంతా అల్లుకుంది. ఆగస్టు సగమైనా ఒక్క పువ్వు లేదు. రెండుసార్లు యూరియా కూడా వేశాం. అది మగ తీగ, పీకేయమని ఇరుగుపొరుగు వారు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక మహిళా రైతు, వరంగల్ జిల్లా

సలహా: పీకకండి. చిక్కుడులో మగ తీగ, ఆడ తీగ అనే భేదం లేదు. సొర, బీర, కాకరలో మగ పూలు, ఆడ పూలు వేరువేరుగా పూస్తాయి. చిక్కుడులో ప్రతి పువ్వులోనూ రెండు భాగాలూ ఉంటాయి.

మీరు చెప్పినదాన్ని బట్టి తీగకు జబ్బేమీ లేదు. విత్తడమే ముందైంది. పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూతకు వచ్చే మొక్క. మన ప్రాంతంలో జూన్ మూడో వారంలో పగలు 13 గంటలకు పైగా ఉంటుంది, డిసెంబరుకు 11 గంటలకు దిగుతుంది. సెప్టెంబరు 22, 23 తేదీల్లో పగలూ రాత్రీ ఇంచుమించు సమానమై, ఆ తర్వాత రాత్రులు పెరుగుతాయి. తీగ ఎదురుచూసేది ఆ పొడుగు రాత్రుల కోసమే. అందుకే ఏప్రిల్‌లో పెట్టిన నాటు చిక్కుడు, జూలైలో పెట్టినదీ దాదాపు ఒకేసారి పూస్తాయి. రథసప్తమి నాడు సూర్యుడికి చిక్కుడు కాయలతో రథం చేస్తాం కదా, అప్పటికి ఏ పెరట్లో చూసినా కాయలు దండిగా ఉంటాయి.

యూరియా మాత్రం ఇక చాలు. చిక్కుడు వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. పైనుంచి మనం మళ్లీ వేస్తే ఆకే పెరుగుతుంది, పూత వెనక్కి పోతుంది. బాగా చివికిన పశువుల ఎరువు తీగ మొదలు దగ్గర వేస్తే సరిపోతుంది. పందిరి మీద ఆకు దట్టమై వెలుతురు లోపలికి దిగకపోతే ముదురు ఆకులు కొన్ని తీసి, పొడవుగా సాగిన కొనలు తుంచండి. పక్క కొమ్మలు వస్తాయి, గెలలు వాటి మీదే ఎక్కువ. వానలకు తీగ మొదలు దగ్గర నీరు నిలవకూడదు. పూత మొదలయ్యాక మాత్రం నేల ఎండనీయకండి, పూలు రాలిపోతాయి.

ఇంకో సంగతి. పందిరి వాకిట్లోనే ఉందన్నారు. రాత్రంతా బల్బుగాని, వీధి దీపంగాని దాని మీద వెలుగుతోందా? ఇలాంటి మొక్కలకు రాత్రి చీకటిగానే ఉండాలి. వీధి దీపం పక్కన వేసిన సోయాచిక్కుడు, మిగతా చేను పండినా పచ్చగానే ఉండిపోవడం చాలామంది చూసే ఉంటారు.

పూత వచ్చాక, చల్లటి మబ్బు వాతావరణంలో లేత కొనలకు నల్లగా పేనుబంక పడుతుంది. తక్కువగా ఉంటే నీళ్లు గట్టిగా చిమ్మితే చాలు. అక్షింతల పురుగులు కనిపిస్తే వాటిని వదిలేయండి, పేనుబంకను అవే తింటాయి. ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి. గూడు కట్టిన పూలగుత్తుల్లో పురుగు ఉంటుంది, ఆ గుత్తులను ఏరి నాశనం చేయండి. పత్తికి తెచ్చిన మందు మిగిలింది కదా అని దీని మీద కొట్టవద్దు. ఇది రెండు రోజులకోసారి కోసుకుని కూర వండుకునే కాయ. కోసేటప్పుడు గెలను విరవకుండా కాయ మాత్రమే తుంచండి, గెల చివర ఇంకా మొగ్గలుంటాయి.

వచ్చే ఏడు జూలై, ఆగస్టుల్లో విత్తితే ఆకు మేపే పని సగం తగ్గుతుంది. ఎండాకాలంలోనూ కాయ కావాలంటే బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్కా జయ్, అర్కా విజయ్ రకాలున్నాయి. అవి పొదలా పెరిగే రకాలు, పగటి పొడవుతో వాటికి పని లేదు, పందిరీ అక్కర్లేదు. రుచిలో మాత్రం నాటు చిక్కుడే నాకు ఇష్టం.

నవంబరు చివరికి కూడా మొగ్గ కనిపించకపోతే తీగ కొనల ఫోటోలు పంపండి. ముందు ఆ బల్బు సంగతి చూడండి.